అవతల ఏమున్నదో అడిగే మీట

ఆండర్సన్‌పేటలో కాపురమున్నవారికి దూరపు వస్తువు చేతికందడమనేది కొత్త సంగతి కాదు. 1902లోనే శివనసముద్రం దగ్గర కావేరీ జలపాతంలో పుట్టిన విద్యుచ్ఛక్తి, దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణించి వచ్చి మన బంగారు గనులలోని యంత్రాలను త్రిప్పింది. ఆ నీటిని మన పెద్దలలో చూచినవారు కొద్దిమందే. అయినా ఆ నీటి బలం మాత్రం ప్రతి రోజూ ఇక్కడికి వస్తూనే ఉండేది.

ఈనాడు మన ఇండ్లలో జరుగుతున్నది కూడా ఇంచుమించు అటువంటిదే. మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు ఉద్యోగాలకు పోయే పిల్లలు కొందరు, ఇంట్లోనే కూర్చొని ఎక్కడో ఉన్న కంప్యూటరుతో పని చేసేవారు మరికొందరు. ఫైలు ఒకటి ఇక్కడినుండి అక్కడికి పంపాలన్నా, అక్కడినుండి ఇక్కడికి తెచ్చుకోవాలన్నా వారు కమాండు లైను మీద ఒక పంక్తి వ్రాసి, ఒక మీట నొక్కుతారు. పని అయిపోతుంది. చూచేవారికి అది గారడీవలె ఉంటుంది. కాని ఆ ఒక్క పంక్తిలో ఒక్క అక్షరం తప్పితే ఏమవుతుందో మేము అనుభవం మీద తెలుసుకొన్నాము. పాఠకులకు అట్టి అనుభవం కలుగరాదనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పెట్టెలోని ఫోటోలు

2001లో గనులు మూతపడిన తరువాత మన కుటుంబాలు నాలుగు దిక్కులకూ చెదరిపోయినవి. పోయినవారు వస్తువులు పట్టుకొనిపోయారు గాని, ఈ ఊరి జ్ఞాపకాలన్నీ ఇనుప ట్రంకు పెట్టెలలోనే ఉండిపోయినవి. గని దుస్తులలో నిలబడిన తండ్రి ఫోటో, క్వార్టర్సు ముందు జరిగిన పెండ్లి ఫోటో, సర్వీసు కాగితాలు, ఉత్తరాలు. వీటిని చెదలు తినకముందే కంప్యూటరులోకి ఎక్కించి, మన పిల్లలు తలా కొంత వేసుకొని అద్దెకు తీసుకొన్న దూరపు యంత్రంలో దాచాలని కొందరము అనుకొన్నాము. దుబాయిలో ఉన్నవారైనా, డల్లాసులో ఉన్నవారైనా చూచుకొనవచ్చునని ఆశ.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేది. ఆమె భర్త ఛాంపియన్ రీఫ్ గనిలో పని చేసినవాడు. ఆమె పెట్టెలోనుండి 43 ఫోటోలు తీసి మా చేతికిచ్చి, "బాబూ, జాగ్రత్త. ఇవి తప్ప ఆయనది నా దగ్గర ఇంకేమీ లేదు" అన్నది. మేము జాగ్రత్తగానే వాటిని స్కాను చేసి, కాగితపు ఫోటోలను ఆమెకు తిరిగి అప్పగించాము. అటు తరువాతనే మా జాగ్రత్త జారిపోయింది.

ఒక్కొక్క ఫోటోను అవతలి యంత్రంలోని 'ఛాంపియన్' అనే ఫోల్డరులోకి పంపేటట్లు చిన్న ఆజ్ఞ ఒకటి వ్రాసుకొన్నాము. ఇంగ్లీషులో ఆ పేరు వ్రాసేటప్పుడు 'ఐ' తరువాత రావలసిన 'ఓ' ముందుకు వచ్చి కూర్చున్నది. మేము గమనించలేదు. యంత్రమేమీ గోల చేయలేదు. 43 సార్లు నూరు శాతం, నూరు శాతం అని చూపించింది. మేము సంతోషించి, ల్యాప్‌టాపులో చోటు చాలడం లేదని ఇక్కడి ప్రతులు తుడిచివేశాము.

వారం తరువాత చూస్తే అవతల ఆ ఫోల్డరు ఖాళీగా ఉన్నది. దాని ప్రక్కన తప్పు పేరుతో ఒకే ఒక ఫైలు ఉన్నది. అది నలభైమూడవ ఫోటో!

సెలవుకు ఇంటికి వచ్చిన మా అమ్మాయిని అడిగితే, ఆమె ఒక్క నిమిషం చూచి సంగతి చెప్పింది. ఎస్‌సీపీ అనే ఆ ఆజ్ఞకు గమ్యంగా ఒక పేరిచ్చినప్పుడు, అవతల ఆ పేరుగల ఫోల్డరు ఉంటే ఫైలును అందులో పెడుతుంది. లేకపోతే, ఆ పేరునే ఫైలుకు కొత్త పేరుగా తీసుకొంటుంది. కాబట్టి మొదటి ఫోటో ఆ తప్పు పేరుతో అక్కడ కూర్చున్నది. రెండవది వచ్చి దానిని చెరిపి తాను కూర్చున్నది. ఇట్లా నలభైరెండు ఫోటోలు ఒకదాని క్రింద ఒకటి మాయమైపోయినవి. ఎస్‌సీపీ "చెరపమంటారా?" అని అడగదు. దాని స్వభావమే అది.

"నాన్నా, అవతల ఏమున్నదో అడగకుండానే పంపించారు. టాబ్ మీట నొక్కి ఉంటే మొదటి ఫోటో దగ్గరే తెలిసిపోయేది గదా!" అన్నది మా అమ్మాయి.

"టాబ్ మీట మన యంత్రంలోని పేర్లు చెబుతుందిగాని, అవతలి యంత్రంలోవి దానికెట్లా తెలుస్తవి?" అన్నాము మేము.

ఆమె నవ్వి, ఆ రాత్రి కూర్చోబెట్టి నేర్పింది. ఆ నేర్పినదే ఇక్కడ మనవి చేస్తున్నాము.

టాబ్ మీట చేసే పని

కమాండు లైను మీద ఫైలు పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు వ్రాసి టాబ్ మీట నొక్కితే, తక్కిన అక్షరాలను యంత్రమే పూర్తి చేస్తుంది. ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లు రెండు మూడుంటే, అన్నిటికీ సమానమైన భాగం వరకు వ్రాసి ఆగుతుంది. మళ్ళీ నొక్కితే జాబితా చూపిస్తుంది. ఇది 1970ల నాటి ఏర్పాటు. అమెరికాలోని టెనెక్స్ అనే కంప్యూటరు వ్యవస్థలో ఉన్న ఈ సౌకర్యాన్ని చూచి, కెన్ గ్రీర్ అనే ఆయన యూనిక్సు షెల్‌లోకి తెచ్చాడు. 1989లో బ్రయన్ ఫాక్స్ వ్రాసిన బ్యాష్ అనే షెల్ దీనిని అందరికీ అలవాటు చేసింది. 2000లో బ్యాష్‌కు మరొక శక్తి వచ్చింది. ఏ ఆజ్ఞ తరువాత ఏ విధంగా పూర్తి చేయాలో మనమే వ్రాసి నేర్పవచ్చును. అట్లా నేర్పిన పాఠాలన్నిటినీ ఒకచోట కూర్చిన కట్టకు బ్యాష్-కంప్లీషన్ అని పేరు. అవతలి యంత్రంలోని పేర్లను పూర్తి చేసే పాఠం అందులోనే ఉన్నది.

అది చేసే పని వింటే ఎంతో తేలికగా కనబడుతుంది. మనము ఎస్‌సీపీ అని వ్రాసి, యంత్రం పేరు వ్రాసి, ఒకదానిమీద ఒకటిగా రెండు చుక్కలు పెట్టి, పేరులో మొదటి అక్షరాలు వ్రాసి టాబ్ నొక్కుతాము. వెంటనే మన షెల్ మనకు కనబడకుండా ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా అవతలి యంత్రంలోకి పోయి, "ఈ అక్షరాలతో మొదలయ్యేవి మీ దగ్గర ఏమున్నవి?" అని అడుగుతుంది. వచ్చిన జవాబును తెచ్చి మన పంక్తిలో వ్రాస్తుంది. ఆ పేరు ఫోల్డరుదైతే చివర ఒక వాలుగీత కూడా పెడుతుంది. ఫైలైతే గీత ఉండదు.

ఆ వాలుగీత మాకు నచ్చినంతగా మరేదీ నచ్చలేదు. గనిలో వైండింగు ఇంజను నడిపే డ్రైవరును తలచుకొనండి. ఆయన నేల మీద కూర్చొని ఉంటాడు. ఆయన దింపే కేజీ నేల లోతుల్లో ఎక్కడో ఉంటుంది. కంటికి కనబడదు. మన ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయినది. అంత లోతున ఉన్న మనుష్యుల ప్రాణాలు ఆయన చేతిలో ఉంటవి. ఆయనకు ఆధారమల్లా క్రిందినుండి వచ్చే గంట. గంట వినకుండా ఇంజను కదిలించడు. మేము ఆ గంట వినకుండానే నలభైమూడుసార్లు కేజీని దింపినవారమైనాము. టాబ్ నొక్కిన తరువాత కనబడే వాలుగీత ఆ గంట వంటిది. "ఇక్కడ ఫోల్డరు ఉన్నది, పంపవచ్చు" అని అవతలినుండి వచ్చే మాట అది.

టాబ్ ఎందుకు పలకదు?

ఇంత చక్కని సౌకర్యముండగా చాలామంది దానిని ఎందుకు వాడుకోవడం లేదు? ఒకసారి నొక్కి చూస్తారు. ఏమీ జరగదు. "అవతలి పేర్లకు ఇది పనిచేయదు" అనుకొని విడిచిపెడతారు. మేమూ అట్లాగే అనుకొన్నాము.

కారణమేమిటంటే, షెల్ ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఎస్‌ఎస్‌హెచ్‌తో, "మనిషిని ఏమీ అడగవద్దు, అడగకుండా పోగలిగితే పో, లేకపోతే ఊరుకో" అని చెప్పి పంపుతుంది. మనము సగం పంక్తి వ్రాస్తూ ఉండగా నడుమ పాస్‌వర్డు అడిగితే పని చెడుతుంది గదా! అందుచేత అవతలి యంత్రం పాస్‌వర్డు అడిగేదైతే ఇది నోరు మెదపకుండా తిరిగి వస్తుంది. తాళంచెవి ఉన్నవారికే టాబ్ పలుకుతుంది.

కాబట్టి చేయవలసిన పనులు ఇవి. ఒకసారి చేసుకొంటే చాలును.

మొదటిది, బ్యాష్-కంప్లీషన్ కట్ట మన యంత్రంలో ఉన్నదో లేదో చూచుకొనవలెను. ఉబుంటు, డెబియన్ వంటి వాటిలో ఆ పేరుతోనే దొరుకుతుంది. ఆపిల్ యంత్రాలలో 2019 నుండి మామూలుగా వచ్చే షెల్ జెడ్‌షెల్. దానికి ఇదే పని చేసే ఏర్పాటు స్వంతంగా ఉన్నది. దాని పూర్తిచేసే యంత్రాంగాన్ని కంప్‌ఇనిట్ అనే ఆజ్ఞతో ప్రారంభించుకొంటే చాలును.

రెండవది, తాళంచెవుల జత ఒకటి చేసుకొనవలెను. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే ఆజ్ఞ ఆ పని చేస్తుంది. అది రెండు ఫైళ్ళను పుట్టిస్తుంది. ఒకటి రహస్యమైనది. అది మన యంత్రం దాటి పోరాదు. ఎవరడిగినా, ఎంత దగ్గరివారడిగినా ఇవ్వరాదు. రెండవది బహిరంగమైనది. దానిని ఎవరికిచ్చినా నష్టం లేదు. అది తాళం వంటిది, మొదటిది చెవి వంటిది. చెవి చేసేటప్పుడు ఒక రహస్యవాక్యం పెట్టుకొమ్మని అడుగుతుంది. చాలామంది ఊరక ఎంటర్ నొక్కి దాటవేస్తారు. అట్లా చేయవద్దని మా మనవి. ల్యాప్‌టాపు దొంగ చేతిలో పడినప్పుడు ఆ వాక్యమొక్కటే అడ్డం నిలుస్తుంది.

మూడవది, ఆ తాళాన్ని అవతలి యంత్రానికి బిగించవలెను. ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ అనే ఆజ్ఞ ఆ పని చేస్తుంది. దానికి ఒక్కసారి మాత్రం పాస్‌వర్డు ఇవ్వవలసి ఉంటుంది. అవతలి యంత్రంతో మొట్టమొదట మాట్లాడినప్పుడు, "ఈ యంత్రం వేలిముద్ర ఇది, నమ్ముతారా?" అని కూడా అడుగుతుంది. కన్నుమూసుకొని 'ఎస్' అనరాదు. ఆ యంత్రాన్ని చూచుకొనేవారికి ఫోను చేసి, వేలిముద్ర సరిపోయినదో లేదో పోల్చుకొనవలెను. కొత్త సంబంధం కలుపుకొనేటప్పుడు నలుగురిని విచారించడం మన ఇండ్లలో ఉన్న పద్ధతే గదా!

నాలుగవది, రహస్యవాక్యం మాటిమాటికీ వ్రాయనక్కరలేకుండా ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంటు అనే నౌకరును పెట్టుకొనవలెను. ప్రొద్దున ఒకసారి వాక్యం చెబితే, యంత్రం ఆపేవరకు తాళంచెవి దాని చేతిలో ఉంటుంది. చాలా యంత్రాలలో ఈ నౌకరు ముందే ఉంటాడు. మనము పలకరించడమే తరువాయి.

ఐదవది, ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ అనే చిన్న ఫైలులో అవతలి యంత్రానికి ఒక ముద్దుపేరు వ్రాసుకొనవలెను. పొడుగాటి చిరునామా, వాడుకరి పేరు అన్నీ ఆ ముద్దుపేరు క్రింద ఉంటవి. అటుపైన ఆ ముద్దుపేరును కూడా టాబ్ పూర్తి చేస్తుంది. అదే ఫైలులో కంట్రోల్‌మాస్టర్, కంట్రోల్‌పాత్, కంట్రోల్‌పర్సిస్ట్ అనే మూడు పంక్తులు చేర్చుకొంటే మరొక లాభమున్నది. టాబ్ నొక్కిన ప్రతిసారీ కొత్తగా తలుపు తట్టి లోనికి పోవడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. ఈ పంక్తులు ఉంటే ఒకసారి తెరచిన తలుపు పది నిమిషాలో, మనము చెప్పినంతసేపో తెరచియే ఉంటుంది. టాబ్ వెంటనే పలుకుతుంది. అయితే పదిమంది వాడే కంప్యూటరులో ఈ ఏర్పాటు పెట్టరాదు. మనము లేచిపోయిన తరువాత మరొకరు వచ్చి కూర్చొనవచ్చును.

ఇన్నీ చేసిన తరువాత పరీక్ష ఒకటున్నది. ఎస్‌ఎస్‌హెచ్‌కు బ్యాచ్‌మోడ్ 'ఎస్' అని చెప్పి, అవతలి ఫైళ్ళ జాబితా ఒకసారి అడిగి చూడండి. ఏ ప్రశ్నా వేయకుండా జాబితా వస్తే టాబ్ కూడా పలుకుతుంది. రాకపోతే, పైన చెప్పిన మెట్లలో ఏదో తప్పిపోయినదని గ్రహించవలెను.

కొన్ని చిక్కులు

ఫైళ్ళను ఇచ్చిపుచ్చుకోవడానికి మాత్రమే అనుమతించి, లోపల ఆజ్ఞలు నడపనివ్వని యంత్రాలు కొన్ని ఉన్నవి. అక్కడ మన షెల్ ప్రశ్న అడగలేదు. అటువంటిచోట ఎస్‌ఎఫ్‌టీపీ అనే ఆజ్ఞతో లోనికి పోతే, లోపల టాబ్ సాధారణంగా పనిచేస్తుంది.

అవతలి యంత్రంలోకి పోగానే స్వాగతవాక్యం ముద్రించేటట్లు తమ షెల్ ఫైలులో వ్రాసుకొనేవారు ఉన్నారు. ఆ వాక్యం జవాబులో కలిసిపోయి టాబ్‌ను తికమక పెడుతుంది. స్వాగతం మనిషి వచ్చినప్పుడే పలికేటట్లు సర్దుకొనవలెను.

పేర్లలో ఖాళీలు ఉంచరాదు. ఖాళీ ఉన్నచోట వెనుకకు వాలిన గీతలు పెట్టవలసి వస్తుంది. అవి ఎన్ని పెట్టవలెనన్నది కూడా మారుతూ వచ్చింది. ఎస్‌సీపీ తన పాత పద్ధతిని విడిచి, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0తో 2022లో ఎస్‌ఎఫ్‌టీపీ పద్ధతికి మారినది. కాబట్టి ఒక యంత్రంలో నడిచిన గీతలు మరొకదానిలో నడవకపోవచ్చును. ముందు సంవత్సరం, తరువాత ఊరు, తరువాత సందర్భం, నడుమ అడ్డగీతలు, ఇట్లా పేర్లు పెట్టుకొంటే మనకూ సుఖము, టాబ్‌కూ సుఖము.

యంత్రం పేరు తరువాత రెండు చుక్కలు మరచిపోతే, ఫైలు అవతలికి పోనే పోదు. ఆ యంత్రం పేరుతోనే ఇక్కడ మరొక ప్రతి తయారవుతుంది. టాబ్ నొక్కే అలవాటున్నవారికి ఈ పొరపాటు కూడా వెంటనే కనబడుతుంది. చుక్కలు లేనిదే అవతలి పేర్లు రావు మరి.

అయితే టాబ్ మీద పూర్తిగా భారం వేయడం కూడా మంచిది కాదు. అది పేరు ఉన్నదని మాత్రమే చెబుతుంది. ఉన్న ఫైలు మీద మరొకటి పెట్టి చెరుపుకొంటే అది అడ్డుపడదు. అందుకని మా అమ్మాయి మాకు ఒక నియమం పెట్టింది. ఇక్కడ తుడిచేముందు అక్కడ లెక్కపెట్టవలెను. ఇక్కడ 43 ఉంటే అక్కడా 43 ఉన్నవని కంటితో చూచిన తరువాతనే చేయి కదపవలెను. ఎక్కువ ఫైళ్ళున్నప్పుడు ఆర్‌సింక్ అనే ఆజ్ఞ మేలు. ఏమేమి పోతవో ముందుగా చూపించమంటే అది చూపిస్తుంది. టాబ్ దానికి కూడా పలుకుతుంది. తాళంచెవి ఉన్న ల్యాప్‌టాపు పోయినప్పుడు చేయవలసిన పని కూడా జ్ఞాపకముంచుకొనండి. అవతలి యంత్రంలో ఆథరైజ్డ్-కీస్ అనే ఫైలు ఉంటుంది. అందులో మన తాళానికి సంబంధించిన పంక్తిని ఆ రోజే తీసివేయవలెను.

కుప్పం ప్రయాణం

పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాము. మా తప్పు మేము తెలుసుకొనేనాటికి ఆమె కుప్పంలోని కూతురింటికి వెళ్ళిపోయింది. పెట్టె కూడా ఆమెతోనే పోయింది. బంగారుపేటలో రైలెక్కి కుప్పం పోయి, తలవంచుకొని సంగతి చెప్పాము. ఆమె కోపగించలేదు. "మళ్ళీ తీసుకో నాయనా, దానికేమున్నది" అని పెట్టె తెరచింది. కాని మధ్యలో వచ్చిన వానకు ఆ ఇంటి పైకప్పు కారి, పెట్టె అడుగున ఉన్న ఫోటోలు ఒకదానికొకటి అంటుకొనిపోయి ఉన్నవి. విడదీయబోతే ముఖాలు ఊడివచ్చినవి. 43లో 32 మాత్రమే దక్కినవి. పోయిన 11 ఫోటోలు ఒకనాడు మా ల్యాప్‌టాపులో స్పష్టంగా ఉన్నవే. ఆ మాట ఆమెకు చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఆమెకు మాత్రం తెలియకపోలేదు.

ఈసారి ఇంటికి వచ్చి పంపేటప్పుడు మా అమ్మాయి ప్రక్కన లేదు. పేరులో మొదటి మూడక్షరాలు వ్రాసి టాబ్ నొక్కాము. ఒక్క క్షణం ఏమీ లేదు. తరువాత పేరు దానంతటదే పూర్తియై, చివర వాలుగీత వచ్చి నిలిచింది. అవతలినుండి గంట వినబడినట్లయినది. అప్పుడు ఎంటర్ నొక్కాము. అన్నీ పోయిన తరువాత అక్కడ లెక్కపెట్టాము. 32 ఉన్నవి. ఆ రాత్రే కుప్పానికి ఫోను చేసి చెప్పాము.

పాఠకులలో ఇట్లా ఇంటి ఫోటోలను, కాగితాలను దూరపు యంత్రాలలో దాచేవారు చాలామంది ఉంటారు. వారి పిల్లలకు ఈ విద్య బాగా తెలిసే ఉంటుంది. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట కూర్చోబెట్టుకొని నేర్చుకొనండి. చిన్నవారి దగ్గర నేర్చుకొనడంలో నామోషీ ఏమీ లేదు. మా 11 ఫోటోల వెల చూచుకొంటే, ఆ పూట ఎంతో చవుక.